సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: మిర్యాలగూడలో ఉండి నడపాలంటే ఏది నిలబడుతుంది, ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న: మిర్యాలగూడ_మిల్లరు

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు నడుపుతున్నాము. ఇప్పుడున్న ఇన్నోవాను మా తమ్ముడికి ఇచ్చి, నేనొక పెద్ద ఎస్‌యూవీ తీసుకోవాలనుకుంటున్నాను. కొత్తది కొనే ఉద్దేశం లేదు. ముప్పై లక్షలకు మించి పెట్టలేను. ఆ సొమ్ముకు ఏడెనిమిదేళ్ళు నడిచిన ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5 వంటి బండ్లు హైదరాబాదులో దొరుకుతున్నాయి. అదే ధరకు ఇక్కడ వాడిన ఫార్చ్యూనర్ కూడా వస్తోంది.

వాడకం సంగతి ముందే చెబుతాను, ఎందుకంటే సలహా దానిమీదే ఆధారపడుతుందని అనుకుంటున్నాను. ఇంటి నుండి మిల్లుకు నాలుగు కిలోమీటర్లు, రోజూ రెండు మూడు సార్లు తిరుగుతాను. వారానికి ఒకసారి హైదరాబాదు వెళ్ళి రావాలి. వానాకాలం, యాసంగి కోతల సమయంలో హాలియా, నిడమనూరు, దామరచర్ల వైపు ఊళ్ళలోకి పోవాల్సి వస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు కుటుంబంతో తిరుమల ప్రయాణం ఉంటుంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఎత్తైన బండి ఎక్కలేరు. క్యూ7లో ఎయిర్ సస్పెన్షన్ ఉన్నందున ఎక్కేటప్పుడు బండి కిందికి దిగుతుందని కన్సల్టెన్సీ వారు, అంటే పాత కార్ల వ్యాపారులు, చూపించారు. నిజం చెప్పాలంటే నా మనసు అటు మొగ్గడానికి అది కూడా ఒక కారణం.

చూసిన బండ్లు మూడు. మొదటిది 2017 క్యూ7 డీజిల్, 78,000 కిలోమీటర్లు, రెండో ఓనరు, 26 లక్షలు అడుగుతున్నారు. రెండవది 2016 ఎక్స్5 మూడు లీటర్ల డీజిల్, మొదటి ఓనరే నేరుగా అమ్ముతున్నారు, 24 లక్షలు. మూడవది మాకు తెలిసినవారి 2018 ఫార్చ్యూనర్ ఆటోమేటిక్, లక్షా ఇరవై వేలు తిరిగింది, 25 లక్షలు.

వీటిలో ఏది నమ్మకంగా నడుస్తుంది? ఏడాదికి నిర్వహణకు ఎంత పెట్టుకోవాలి? మన జిల్లాలో ఈ జర్మన్ కంపెనీల సర్వీసు లేదు కనుక, హైదరాబాదులోని బయటి షెడ్లను నమ్ముకొని ఇలాంటి బండి పెట్టుకోవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: నార్కట్‌పల్లి_హైవే

మిల్లరు గారూ, ముందుగా ధర గురించి ఒక మాట. మీరు 26 లక్షలు పెట్టి కొంటున్నారు సరే, కానీ ఆ బండి విడిభాగాలకు ఆ సంగతి తెలియదు. 2017లో ఆ క్యూ7 షోరూం ధరే డెబ్బై లక్షలు దాటింది. దాని హెడ్‌లైటు, దాని రేడియేటరు, దాని తలుపు అద్దం ఈ రోజుకూ డెబ్బై లక్షల బండి సామాను ధరకే వస్తాయి. కొనుగోలు ధర మూడో వంతుకు పడిపోయినా నిర్వహణ ఖర్చు ఒక్క రూపాయి కూడా పడిపోదు, పైగా వయసుతో పెరుగుతుంది. లెక్క వేసుకునేటప్పుడు 26 లక్షల బండికి ఎంతవుతుందని కాక, డెబ్బై లక్షల బండికి పదో ఏట ఎంతవుతుందని వేసుకోండి.

ఇక నమ్మకం సంగతి. ఈ బండ్ల ఇంజన్లూ గేరుబాక్సులూ చెడ్డవి కావు. క్యూ7లోని మూడు లీటర్ల వీ6 డీజిల్, ఎక్స్5లోని ఆరు సిలిండర్ల డీజిల్ రెండూ నూనె సమయానికి మారిస్తే లక్షల కిలోమీటర్లు పోగలవు. అయితే రెండింటిలోనూ ఇంజను లోపలి భాగాలను లయ తప్పకుండా తిప్పే టైమింగ్ చెయిన్ గేరుబాక్సు వైపున, అంటే ఇంజను వెనుక ఉంటుంది. చెయిన్ సాగితే దానిని చేరుకోవడానికే ఇంజనునో గేరుబాక్సునో దించాలి కాబట్టి, సామాను కంటే కూలీ ఎక్కువవుతుంది. నూనె మార్పుల గడువును సాగదీసిన బండ్లలోనే ఈ చెయిన్ ముందుగా సాగుతుంది. ఆడి కంపెనీ లెక్క ప్రకారం పదిహేను వేల కిలోమీటర్లకో ఏడాదికో మార్చాలి. మన ఎండలకు, మీ మిల్లు దుమ్ముకు, రోజూ నాలుగు కిలోమీటర్ల తిరుగుడుకు పదివేలలోపే మార్చడం మంచిదని నా అభిప్రాయం. ఆరు నుండి ఎనిమిది లీటర్ల నూనె పడుతుంది, అదీ కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి.

గేరుబాక్సు రెండు బండ్లలోనూ జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ సంస్థ తయారుచేసిన ఎనిమిది గేర్లదే. అందులోని నూనె జీవితకాలం పనిచేస్తుందని షోరూములో చెబుతారు. కానీ తయారుచేసిన జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, ఎనిమిదేళ్ళకు గాని మార్చమని సిఫారసు చేస్తుంది. ఎక్స్5లో నూనె పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టరు దానిలోనే కలిసి ఉంటుంది కనుక మొత్తం పాన్ మార్చాలి. మీరు చూసిన రెండు బండ్లూ సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాయి. మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీదేనని బేరంలో కలుపుకోండి.

అసలు జేబు ఖాళీ చేసేది ఇంజను కాదు, దాని చుట్టూ ఉన్నవి. నాన్నగారి కోసం మీరు మెచ్చుకున్న ఎయిర్ సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగుల చోట రబ్బరు గాలిసంచులు ఉంటాయి. ఎండకూ వయసుకూ ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్ళు వస్తాయి. మొదట సన్నగా గాలి కారుతుంది, రాత్రి నిలిపిన బండి ఉదయానికి ఒక మూల కుంగి ఉంటుంది. ఆ లోటును పూడ్చడానికి కంప్రెసరు గంటల తరబడి తిరిగి చివరకు అది కూడా కాలిపోతుంది. అప్పుడు ఒక స్ట్రట్‌తో, అంటే ఒక చక్రం దగ్గరి గాలిసంచి ఉన్న భాగంతో, పోయే ఖర్చు స్ట్రట్, కంప్రెసరు, రిలే అన్నీ కలిసి లక్షల్లోకి పోతుంది. మొదటి పగులు దగ్గరే పట్టుకున్నవారికి ఖర్చు సగమే.

రెండవది కూలింగ్. జర్మన్ బండ్లలో కూలెంట్ డబ్బా, థర్మోస్టాట్ తొడుగు, గొట్టాల చివర్లు చాలావరకు ప్లాస్టిక్. వేసవిలో 44 డిగ్రీలు దాటే మన జిల్లాలో అవి పెళుసెక్కి పగులుతాయి. దారిలో కూలెంట్ తగ్గిందని ఎవరో బోరు నీళ్ళు పోసేస్తే కథ మరింత చెడిపోతుంది. నల్లగొండ నీళ్ళ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ లవణాలన్నీ రేడియేటరు లోపల పొరకట్టి సన్నని దారులను మూసేస్తాయి. డిస్టిల్డ్ వాటరు డబ్బా ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉండాలి.

నా దగ్గర కొన్నేళ్ళుగా ఒక జర్మన్ ఎస్‌యూవీ ఉంది. అది నన్ను రోడ్డు మీద వదిలిపెట్టలేదు కానీ, ప్రతి ఏడూ ఏదో ఒక పెద్ద బిల్లు తెచ్చింది. ఆ బిల్లు వచ్చిన రోజు ఇంట్లో మాట్లాడుకోవలసి వచ్చే పరిస్థితి ఉంటే ఈ బండి వద్దని చెబుతాను. ముప్పై లక్షల హద్దు పెట్టుకున్నారు కనుక, బండికి 23 లక్షలకు మించకుండా పెట్టి, మిగిలినదాంట్లో కనీసం నాలుగు లక్షలు దాని పేరనే బ్యాంకులో పక్కన పెట్టండి. అలా పెట్టడానికి మనసు ఒప్పకపోతే ఫార్చ్యూనరే తీసుకోండి.

జవాబు 2: పాలమూరు_పాతకాపు

ఇంత ఆలోచన అవసరమా అని నాకు అనిపిస్తున్నది. ఊళ్ళోకి పోయే బండి, మిల్లు బండి, తిరుమల బండి అన్నప్పుడు ఫార్చ్యూనర్ తప్ప ఇంకొకటి చూడవలసిన పని లేదు. మహబూబ్‌నగర్ నుండి గద్వాల వరకు ఏ చిన్న పట్టణంలో ఆగినా దాని మీద చెయ్యి వేయగల మెకానిక్ దొరుకుతాడు. నాలుగేళ్ళు తిప్పి అమ్మినా పెట్టిన దాంట్లో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. మీ క్యూ7ను నాలుగేళ్ళ తర్వాత, అంటే పన్నెండో ఏట, ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో ఒకసారి ఆలోచించండి. నిర్వహణ ఖర్చు గురించే అందరూ మాట్లాడుతారు, అమ్మేటప్పుడు పోయే సొమ్మును ఎవరూ లెక్కలో వేయరు.

2016 నవంబరులో వచ్చిన రెండో తరం ఫార్చ్యూనర్‌లోని 2.8 లీటర్ల ఇంజనుకు టైమింగ్ చెయిన్ ఉంటుంది, అంతకు ముందటి 3.0 లీటర్లదానికి బెల్టు ఉండేది. మీరు చూసింది 2018 కనుక బెల్టు బాధ కూడా లేదు. లక్షా ఇరవై వేలు తిరిగినా భయపడకండి. ప్రయాణం కుదుపుగా ఉంటుంది, లోపల క్యూ7 సుఖం ఉండదు, నాన్నగారికి కాలు పెట్టడానికి కింద పాదపీట బిగించవలసి వస్తుంది. అంతే తేడా.

జవాబు 3: జడ్చర్ల_షెడ్డు

నేను వృత్తిరీత్యా ఈ బండ్లనే చూస్తాను. పాలమూరు పెద్దాయన చెప్పినది చాలావరకు నిజమే, అయితే ఏ బండికైనా మినహాయింపు ఉండదనుకోవడం సరికాదు. ఆస్ట్రేలియాలో 2015 నుండి 2020 వరకు అమ్మిన 2.4, 2.8 లీటర్ల డీజిల్ హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్లలో డీపీఎఫ్ లోపభూయిష్టంగా ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో అది తప్పక ఉంటుంది, అంతకు ముందటి కొన్ని ఖరీదైన బండ్లలోనూ ఉంది.

మిల్లరు గారి వాడకంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినది ఆ నాలుగు కిలోమీటర్లే. డీపీఎఫ్‌లో పట్టిన మసి కాలి బూడిద కావాలంటే పొగ ఉష్ణోగ్రత 600 డిగ్రీల చుట్టూ చేరాలి. దానికి ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కొంతసేపు ఆగకుండా రోడ్డు మీద నడవాలి. ఇంటి నుండి మిల్లుకు పోయేలోగా ఇంజను వేడెక్కనే వేడెక్కదు. మసి కాల్చడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినప్పుడల్లా, దానికోసం అదనంగా చిమ్మిన డీజిల్ సిలిండరు గోడల వెంట కారి నూనెలో కలుస్తుంది. నూనె పలుచబడుతుంది, మట్టం పెరుగుతుంది. పెరిగిందని కొందరు సంతోషిస్తారు కూడా! ఈ కొత్త జర్మన్ బండ్లలో నూనె మట్టం చూసే పుల్ల ఉండదు, తెరమీద మాత్రమే చూడాలి. మీకు వారానికొక హైదరాబాదు ప్రయాణం ఉంది కనుక ఆ రోజు జల్లెడ శుభ్రపడుతుంది. ఆ ప్రయాణం తగ్గే అవకాశం ఉంటే మాత్రం డీజిల్ లగ్జరీ బండి మీకు సరిపడదు. మిల్లుకు ఇంకొక చిన్న బండో బైకో వాడగలిగితే పెద్ద బండి ఆయుష్షు ఖాయంగా పెరుగుతుంది.

పెట్రోలు వైపు పోతే ఎలా అని అడుగుతారేమో. 2020 ఏప్రిల్ నుండి బీఎస్6 అమలయ్యాక ఆడి మన దేశంలో డీజిల్ మానేసింది, కొత్త క్యూ7 2022లో పెట్రోలుతోనే తిరిగి వచ్చింది. అది మీ బడ్జెట్‌లోకి ఇంకా రాదు. పాత పెట్రోలు బండ్లు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తయారైనవి కావు కనుక, గొట్టాలూ సీళ్ళూ ఎలా ఉన్నాయో చూడకుండా వాటి జోలికి పోవద్దు.

బండి పరీక్ష గురించి. ఆడికి, బీఎండబ్ల్యూకి, మెర్సిడెస్‌కు దేని స్కానరు దానిదే. వీధిలో దొరికే రెండు వేల రూపాయల ఓబీడీ పరికరం, అంటే బండి కంప్యూటరుకు తగిలించి లోపాలు చదివేది, ఇంజను లైటు కోడు మాత్రమే చెబుతుంది. కంపెనీ స్థాయి సాఫ్ట్‌వేర్ ఉన్నవారి దగ్గరకు తీసుకుపోయి బండిలోని చిన్న కంప్యూటర్లయిన అన్ని కంట్రోల్ యూనిట్లనూ చదివించాలి. మీటరు తిప్పినవారు డ్యాష్‌బోర్డులో అంకె మార్చగలరు కానీ, ఇతర యూనిట్లలో ఎక్కడో ఒకచోట పాత కిలోమీటర్లు నమోదై ఉంటాయి. 78,000 అని మీటరు చెబుతూ, గేరుబాక్సు యూనిట్‌లో లక్షన్నర దగ్గర నమోదైన కోడు దొరికిన బండ్లను నేను చూశాను. కోడులన్నీ ముందురోజే చెరిపేసి, అంతా శుభ్రంగా చూపిస్తే కూడా అనుమానించాలి. పదేళ్ళ జర్మన్ బండిలో ఒక్క కోడు కూడా లేకుండా ఉండదు.

ఇంజను చల్లగా ఉండగా, అంటే తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు మీరు అక్కడ ఉండాలి. మొదటి రెండు మూడు సెకన్లలో వెనుక నుండి గలగలమనే చప్పుడు వస్తే అది చెయిన్. మీరు వచ్చేసరికే ఇంజను వేడిచేసి ఉంచితే రేపు మళ్ళీ వస్తానని చెప్పి వెనక్కి రండి. ఎయిర్ సస్పెన్షన్ బండి అయితే ముందురోజు సాయంత్రం నాలుగు చక్రాల వద్ద ఎత్తు కొలిచి, ఉదయం మళ్ళీ కొలవండి. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవై, అరుగుదల దాదాపు ఒకేలా ఉండాలి. నాలుగు చక్రాలకూ శక్తి పోయే బండ్లలో ఒక టైరు కొత్తది, మిగిలినవి అరిగినవి అయితే ముందు వెనుక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడి అది ముందుగా పోతుంది.

వరద బండ్ల గురించి తప్పక చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర చూడండి, బురద మరక అక్కడ కడగడం ఎవరికీ గుర్తుండదు. సీటు కింది పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద ముక్కిన వాసన, కనెక్టర్లలో పచ్చని కిలుము కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

క్యూ7, ఎక్స్5లలో ఏదని అడిగితే, పేరు చూసి నేను చెప్పను. మొదటి ఓనరు ఫైలు చేతిలో పెట్టి నేరుగా అమ్ముతున్న బండికీ, రెండు చేతులు మారి కన్సల్టెన్సీలో మెరుస్తున్న బండికీ మధ్య ఎన్నుకోమంటే మాత్రం మొదటిదే.

మిర్యాలగూడ_మిల్లరు (ప్రశ్న అడిగినవారు)

మీ అందరికీ ధన్యవాదాలు. షెడ్డు అన్న చెప్పినట్టు చల్లని ఇంజనుతో చూస్తామని కన్సల్టెన్సీ వారిని అడిగాను. బండి ఎప్పుడూ తిప్పుతూ ఉంటామని, అలా కుదరదని అన్నారు. ఆర్‌సీ కాపీ పంపమంటే అప్పుడు తెలిసింది, క్యూ7 ఢిల్లీ రిజిస్ట్రేషన్ అట, ఎన్‌ఓసీ, అంటే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, తెచ్చాము, మిగతాది మీరు చేయించుకోవాలని చెప్పారు. ఎక్స్5 ఓనరు గారు మాత్రం ఏ రోజైనా, ఎక్కడికైనా తీసుకుపోయి చూపించుకోమన్నారు, షోరూం సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయన్నారు. ఫార్చ్యూనర్ కూడా ఇంకా మాటల్లోనే ఉంది. ఢిల్లీ బండి అయితే నష్టమేమిటి? ఇన్సూరెన్స్ ఎంతవుతుంది? మిల్లు పేరు మీద కొనవచ్చా?

జవాబు 4: నల్లగొండ_కాగితాలు

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని సమర్థించింది. దానితో అక్కడ పాత డీజిల్ బండి విలువ పడిపోయి, అవి దక్షిణాదికి రావడం మొదలైంది. తెలంగాణలో ఆ నిబంధన లేదు, 15 ఏళ్ళ వరకు ఆర్‌సీ చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీతో ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవచ్చు. కనుక ఢిల్లీ బండి కావడం నేరమేమీ కాదు. కానీ అక్కడ తక్కువకు కొన్న బండిని ఇక్కడి ధరకు మీకు అమ్ముతున్నారా అన్నది చూడాలి. ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించి, మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నును మీరు కొన్న 26 లక్షల మీద కాక, బండి తొలి ధర ఆధారంగా వయసుకు తగినట్టు తగ్గించి లెక్కిస్తారు కనుక అది చిన్న మొత్తం కాదు. ఢిల్లీలో కట్టిన పన్నులో వాపసు రావలసినది ఉంటే దానికోసం మొదటి ఓనరు వెంట తిరగాలి. ఇవన్నీ కలిపితే ఆ క్యూ7 26 లక్షల బండి కానే కాదు.

ఏ బండి కొన్నా యాజమాన్య బదిలీకి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35, కట్టని చలాన్ల వివరం చూసుకోకుండా బయానా ఇవ్వవద్దు. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ బదిలీకి గడువు 14 రోజులే, చాలామంది ఇక్కడే నిర్లక్ష్యం చేస్తారు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, బండితో రాదు. 50 శాతం బోనస్‌తో ఆయన కట్టిన ప్రీమియం రసీదు చూపించి ఇంతే అవుతుందని చెబితే నమ్మకండి.

ఐదేళ్ళు దాటిన బండికి ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కోసం కట్టే బండి విలువ, నిర్ణీత పట్టిక ప్రకారం కాక, మీకూ కంపెనీకీ కుదిరిన విలువ మీద ఉంటుంది. ఇంత పాత బండికి జీరో డిప్రిసియేషన్, అంటే క్లెయిమ్‌లో తరుగుదల కోయని కవరు, ఇచ్చే కంపెనీలు తక్కువ. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు క్లెయిమ్‌లో సగం సొమ్మే వస్తుంది, మిగతా సగం మీది. ఈ బండ్లలో బంపరు నుండి హెడ్‌లైటు దాకా ప్లాస్టిక్కే. ఇంజను రక్షణ కవరు దొరికితే తీసుకోండి. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్టు చేస్తే ఇంజను పోయినా మామూలు పాలసీలో పైసా రాదు.

మిల్లు పేరు మీద కొనవచ్చు. ఆదాయపు పన్నులో కారుపై ఏడాదికి 15 శాతం తరుగుదల చూపించవచ్చు, సొంత వాడకం మేరకు అధికారి కొంత తగ్గించవచ్చు. జీఎస్‌టీ క్రెడిట్ మాత్రం ఇలాంటి ప్యాసింజరు కార్లపై రాదు. వివరాలు మీ ఆడిటరుతో మాట్లాడుకోండి.

జవాబు 5: నార్కట్‌పల్లి_హైవే

ఇప్పుడు ఎక్స్5, ఫార్చ్యూనర్ రెండే మిగిలాయి కనుక లెక్క తేలిక. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు నడుపుతారనుకుందాం. ఎక్స్5 మామూలు సర్వీసు బయటి మంచి షెడ్డులో నలభై యాభై వేలు, బ్రేకులూ టైర్లూ బ్యాటరీ వంటివాటికి ఏటా సగటున డెబ్బై ఎనభై వేలు, ఇన్సూరెన్స్ అరవై వేల చుట్టూ, అనుకోని మరమ్మతుకు లక్ష నుండి లక్షన్నర. మొత్తం మూడు లక్షలు పెట్టుకోండి. ఒక ఏడు లక్షన్నరతో పోతుంది, ఇంకొక ఏడు ఐదు లక్షలు అడుగుతుంది. ఫార్చ్యూనర్‌కు ఇదంతా కలిపి అందులో సగం దాటకపోవచ్చు. ఇవి నా అంచనాలు, షెడ్డు అన్న సరిదిద్దవచ్చు.

బేరం గురించి ఒక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్లపై జీఎస్‌టీ, సెస్సు కలిపి యాభై శాతం దాకా ఉన్నది నలభైకి తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా తగ్గాలి. 24 అన్నది పాత లెక్క అయి ఉంటుంది, 21 నుండి మాట మొదలుపెట్టండి. ఓనరు నేరుగా అమ్ముతున్నారు కనుక ఆయనకు కన్సల్టెన్సీ ఇచ్చే ధర కంటే కొంచెం ఎక్కువ వస్తే చాలు, అది ఆయనకూ తెలుసు.

పాలమూరు పెద్దాయన చెప్పిన అమ్మకం ధర విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. అయితే ఎక్స్5 పడవలసినంత ఇప్పటికే పడిపోయింది, మొదటి ఓనరు ఆ నష్టాన్ని భరించారు. ఇక్కడ నుండి నాలుగేళ్ళలో రెండింటిలో పోయే సొమ్ములో తేడా మనం భయపడేంత ఉండదు. తేడా అంతా మరమ్మతులోనే.

జవాబు 6: జడ్చర్ల_షెడ్డు

లెక్క దాదాపు సరిగానే ఉంది, టైర్ల దగ్గర మాత్రం తక్కువ వేశారు. ఎక్స్5కు కంపెనీ ఇచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు నడపవచ్చు, అందుకే చాలా బండ్లలో స్టెప్నీ ఇవ్వరు. మిర్యాలగూడ నుండి హైదరాబాదు దూరం దాదాపు దానికి రెట్టింపు. దామరచర్ల దగ్గర పక్క గోడ చీలితే నల్లగొండ దాకా రాగలరేమో, అక్కడ ఆ సైజు టైరు దొరకదు. మామూలు టైర్లు వేయించి, డిక్కీలో సన్నని స్టెప్నీ, జాకీ పెట్టించుకుంటే ఈ బాధ పోతుంది. టైర్ల ఖర్చు తగ్గుతుంది, గుంతల్లో కుదుపు కూడా తగ్గుతుంది.

ఎక్స్5 చూడడానికి పోయే ముందు ఛాసిస్ నంబరు కంపెనీ సర్వీసుకు ఇచ్చి రీకాల్‌లు ఏవైనా మిగిలి ఉన్నాయా అని అడగండి. పొగలో కొంత భాగాన్ని చల్లబరచి ఇంజనులోకి తిరిగి పంపే ఈజీఆర్ కూలర్ నుండి కూలెంట్ కారి మంటలు రావచ్చని బీఎండబ్ల్యూ 2018లో చాలా డీజిల్ మోడళ్ళను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. ఈ బండి అందులో ఉందో లేదో నంబరుతో తెలిసిపోతుంది, ఉంటే ఆ పని ఉచితంగానే చేస్తారు. బ్యాటరీ మార్చిన బిల్లు ఉంటే, కొత్త బ్యాటరీని సిస్టంలో నమోదు చేయించారా అని కూడా చూడండి. అలా చేయకపోతే ఆల్టర్నేటరు పాత బ్యాటరీ అనుకొనే ఛార్జి చేస్తూ దానిని తొందరగా చంపేస్తుంది.

నాన్నగారిని కూడా వెంట తీసుకుపోండి. ఎక్స్5 ఎక్కడం ఆయనకు కష్టమైతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, పాదపీట బిగించిన ఫార్చ్యూనర్ ఒకసారి ఎక్కించి చూడండి. ఆదివారం అయితే స్కానరుతో నేను ఎల్బీనగర్ వైపే ఉంటాను, ఇక్కడే సందేశం పెట్టండి.